తొట్టిలో మొలిచిన బట్ట

కొత్త యంత్రం వచ్చిందంటే కొబ్బరికాయ కొట్టకుండా మీట నొక్కే మనుషులు ఈ చుట్టుపక్కల లేరు. ఆటో కొన్నా అంతే, బోరు వేసినా అంతే. ఆ సంగతి డాక్టర్ ఉమాపతికి తెలియక కాదు, ఆయనా తెలుగువాడే, ఊరు గుంటూరు. కాని ఆయన చాలా ఏళ్ళు గాజు గదుల్లో సూక్ష్మజీవుల మధ్య గడిపి వచ్చాడు. కొత్త యంత్రమైన ఆ పెద్ద తొట్టి ఉన్న హాల్లోకి చెప్పులు వద్దన్నాడు, పూలు వద్దన్నాడు, గాలిని కూడా వడకట్టి లోపలికి వదిలాడు. కొబ్బరికాయ వద్దని విడిగా చెప్పాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు.

కుట్టుపని చేసే దేముడమ్మ కాయను ఏప్రన్ కింద దాచి తెచ్చింది. రిబ్బను కత్తిరించి అందరూ చప్పట్లు కొడుతుండగా ముందుకొచ్చి, కళ్ళు మూసుకుని, తొట్టి అంచుకేసి ఒక్క దెబ్బ వేసింది. నీళ్ళన్నీ తొట్టిలోకే పోయాయి. వెనకే ఒక చెక్క కూడా జారి పడింది. ఆమె మోచేతుల దాకా చేతులు ముంచి, ఆ మూలా ఈ మూలా తడిమి, దాన్ని బయటికి తీసి కళ్ళకద్దుకుంది.

ఉమాపతి తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏటి బావూ, అలగైపోనారు?" అంది దేముడమ్మ. "కాయ బాగానే పగిలింది కదా. కుళ్ళు కూడా లేదు."

పక్కనే ఉన్న నూకరత్నానికి నవ్వు ముంచుకొచ్చింది. కాని నవ్వే హోదా కాదు తనది. ఫ్యాక్టరీలో మనుషుల వ్యవహారాలు చూసే మేనేజరు ఆవిడే. ఇలాంటి పని చేసినవాళ్ళను పిలిచి నిలదీయాల్సిందీ ఆవిడే. ఒకప్పుడు ఇదే ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుని కాలర్లు కుట్టింది. పెడలు మీద పాదం ఎలా పెట్టాలో నేర్పింది ఈ దేముడమ్మే. గురువుగారిని నిలదీయడమెలాగో చదువుకున్న మేనేజిమెంటు పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

"రేపు పొద్దున్న తొట్టి ఖాళీ చేసి కడిగిస్తాను," అన్నాడు ఉమాపతి నీరసంగా. "నెల్లాళ్ళ పని గంగలో కలిసింది."

అనకాపల్లికి దిగువన, ఉప్పుగాలి తగిలేచోట ఉంది హెల్మార్ కంపెనీ బట్టల ఫ్యాక్టరీ. కంపెనీ పుట్టిల్లు ఐరోపాలో, అత్తవారిళ్ళు మాత్రం ఎన్నో దేశాల్లో. వేల మంది ఆడవాళ్ళు ఇక్కడ చొక్కాలు కుడతారు. పక్కనే అద్దకం షెడ్డు, దాని వెనక తాడిగెడ్డ అనే వాగు. ఆ ఏడు దొరలకు ఏ రంగు చొక్కాలు నచ్చితే గెడ్డ ఆ రంగులో పారేది. పశువులు ముట్టేవి కావు. ఇక చూసి చూసి ప్రపంచం కళ్ళెర్రజేసేసరికి కంపెనీ సుస్థిరాభివృద్ధి మంత్రం పట్టుకుంది. పత్తి లేకుండా, రంగు లేకుండా, నీరు పాడుకాకుండా బట్ట పుట్టించమని ఉమాపతిని పంపింది.

ఆయన తొట్టిలో ఉన్నది ఒక జాతి సూక్ష్మజీవి. చక్కెర తిని, వెంట్రుకకు వందో వంతు సన్నటి దారం కక్కుతుంది. ఆ దారాలు కలిసి పొరగా పేరుకుని బట్ట కావాలని ఆశ. ఎన్నాళ్ళు పెంచినా గంజి మీద మీగడలా వణికే జిగురే తప్ప బట్ట పుట్టలేదు.

మర్నాడు పొద్దున్నే నూకరత్నానికి ఉమాపతి ఫోను చేశాడు. "అమ్మా, ఒకసారి రండి. ఏమీ అడక్కుండా రండి."

ఎవరో తొట్టిలో పడ్డారనుకుని ఆమె పరుగెత్తుకుంటూ వెళ్ళింది.

తొట్టిలో ఒక చివర, దేముడమ్మ చేతులు ఆడినంత మేరా, తెల్లటి బట్ట తేలుతోంది. మిగతాదంతా ఎప్పటి జిగురే. నూకరత్నం వంగి చూసింది. అరచెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా తగిలింది. నొక్కితే కిందికి దిగి, నెమ్మదిగా పైకి లేచి ఆమె చేతిని ఆనుకుంది. బట్టల మధ్యే బతుకు గడిపిన మనిషి కనుక చూపు ముందు అంచు మీదికి పోయింది. పడుగు లేదు, పేక లేదు. అంచు మాత్రం తనంత తానే మడుచుకుని, మడత కుట్టు వేసినట్టు ముగిసింది. కత్తిరించిన గుడ్డ అంచు పీచులు పోకుండా ఉండడానికి తను ఎన్నేళ్ళు మెడ వంచిందో ఆమెకు గుర్తుంది.

"ఇది చూడండి," అంటూ ఉమాపతి కత్తెర తీసుకుని బట్టను జానెడు చీల్చాడు. ఇద్దరూ టీ తెప్పించుకున్నారు. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి చీలిక పూడిపోయింది. చీలిన చోటు ఇదీ అని చూపించడానికి కూడా గుర్తు మిగల్లేదు.

"దేవుడా!" అంది నూకరత్నం.

ఆ తర్వాత ఉమాపతి పట్టిపట్టి పరీక్షించి తేల్చిన సంగతి ఇదీ. కొబ్బరినీళ్ళు ఆ జీవికి ప్రాణం పోశాయి. కాని బట్టగా నేసింది కొబ్బరినీళ్ళు కావు. మనిషి చెయ్యి తాకినచోటే దారాలు వరుసకు వస్తున్నాయి. రబ్బరు చేతులు పెట్టి చూశాడు, వేడి చేసిన ఉప్పునీళ్ళు పోసి చూశాడు, ఏవీ దాన్ని మోసం చెయ్యలేకపోయాయి. దానికి చెయ్యే కావాలి.

నలభై మందిని కుట్టు లైన్ల నుంచి తొట్టికి మార్చారు. వాళ్ళను ఏరింది నూకరత్నమే. అందులో సొంత చెల్లెలు లోవకుమారిని కూడా వేసింది. లోవకుమారి గుండీల కాజాలు కుట్టడంలో ఆ ఫ్యాక్టరీలోకెల్లా పేరున్న మనిషి. రోజంతా సూది ముందు కళ్ళు పొడుచుకుని కూర్చునే బాధ తప్పుతుందని అక్క ఆశ.

పని చూస్తే పనిలా లేదు. తొట్టి చుట్టూ నిలబడి, ముంజేతుల దాకా ముంచి, అరచేతులు బట్ట కింద మెల్లగా కదిలించాలి. ఆడవాళ్ళు దానికి 'లాల పొయ్యడం' అని పేరు పెట్టుకున్నారు. పసిబిడ్డకు పోసినట్టే పోశారు మరి. కబుర్లు చెప్పుకుంటూ, కూనిరాగాలు తీసుకుంటూ పోశారు. బట్ట వాళ్ళ చేతుల కింద బారలు బారలుగా మొలిచింది. ఉమాపతి బీటుదుంప రసం తాగిస్తే ఎర్రగా మొలిచింది, నీలి ఆకు రసం తాగిస్తే నీలంగా మొలిచింది.

అద్దకం షెడ్డుకు తాళం పడింది. వానాకాలం వెళ్ళేసరికి తాడిగెడ్డ అడుగున ఇసక కనబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇసక చూడనివాళ్ళు గట్టు మీద నిలబడి నోరు వెళ్ళబెట్టారు. ఒక ముసలాయన చొక్కా విప్పి దిగి, పీకల దాకా మునిగి, ఎంతకీ బయటికి రానన్నాడు. నూకరత్నం కూడా చెప్పులు విప్పి కాళ్ళు తడుపుకుంది. కళ్ళు చెమ్మగిల్లాయి. తను చేసే ఉద్యోగం వల్ల లోకానికి ఒక మంచి జరగడం ఆమె మొదటిసారి చూసింది.

చేతుల్లో కూడా మార్పు వచ్చింది. ముందు అందరూ మురిసిపోయారు. కాయలు కాసిన అరచేతులు మెత్తబడ్డాయి. సూదిపోట్లు, కత్తెర గాట్లు మాయమయ్యాయి. మిషను సూది లోవకుమారి బొటనవేల్లోంచి దూసుకుపోయిన పాత మచ్చ కూడా లేకుండా పోయింది. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని చూసుకుని, "కొత్త పెళ్ళికూతురివేటే!" అని వేళాకోళాలాడుకున్నారు.

ఆదివారం నూకరత్నం చెల్లెలింటికి వెళ్ళింది. లోవకుమారి పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. కూరలో కారం వేస్తూ వేళ్ళకు అంటించుకుంది. చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతున్నాయి.

"పచ్చి పసిగుడ్డు సేతులప్పా ఇవి," అంది. "గిన్నె దించలేను, సీపురు అట్టుకోలేను. నిన్న సంటిదాని గౌనుకి గుండీ కుడదారని సూదట్టుకున్నాను. నెత్తురొచ్చీసినాది. తొట్టిలో ముంచితేనే సల్లబడతాయి. ఈ సేతులు ఆ తొట్టికి తప్ప దేనికీ పనికిరావేటి?"

"కొన్నాళ్ళు పోతే అలవాటైపోద్దిలేవే," అంది నూకరత్నం. చెల్లెలి చేతికి వెన్న రాస్తూ, తను చెప్పిన మాట తనకే నమ్మకం లేక తల దించుకుంది.

ఆ సోమవారమే వేలిముద్ర మిషను మొరాయించింది. గేటు దగ్గర వేలు పెడితే పేరు పలికి హాజరు వేసే మిషను అది. దేముడమ్మ వేలు పెట్టింది. "మళ్ళీ ప్రయత్నించండి," అంది మిషను. తుడుచుకుని పెట్టింది. "మళ్ళీ ప్రయత్నించండి." వెనక నిలబడ్డ తొట్టి ఆడవాళ్ళందరికీ అదే జవాబు. నూకరత్నం ఒక్కొక్కరి వేలూ వెలుగులో పట్టి చూసింది. గీతలు లేవు. గాజుపలకలా నున్నగా ఉన్నాయి. రేషన్ డిపోలో కూడా బియ్యం ఇవ్వలేదని అప్పుడు బయటపడింది.

వరసగా కొన్నాళ్ళు హాజరు లేకపోతే హెల్మార్ కంప్యూటరు మనుషుల్ని తనంత తానే ఉద్యోగంలోంచి తీసేస్తుంది. ఆ కంప్యూటరు ఎక్కడో సముద్రాల అవతల ఉంది. దానికి వేలిముద్రే మనిషి. నలభై మందీ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా లాల పోస్తూనే ఉన్నారు, కంప్యూటరు దృష్టిలో మాత్రం ఇళ్ళలో ముసుగుతన్ని పడుకున్నారు. శనివారానికల్లా అందరి ఫోన్లకూ ఉద్యోగం పోయినట్టు కబురు వచ్చింది. సర్దుతానని నూకరత్నం మాట ఇస్తే వాళ్ళు పని ఆపలేదు.

నూకరత్నం తెర మీద పెద్ద డైరెక్టరు రైకర్‌తో ఇంగ్లీషులో మాట్లాడింది. మర్యాద తెలిసిన మనిషి. ముందు ఆమె ఆరోగ్యం అడిగాడు, తర్వాత గెడ్డ ఎలా ఉందని అడిగాడు.

"ముఖం చూసి హాజరు వేసే కెమెరా పెట్టించండి, సరిపోతుంది," అందామె.

"పెట్టించవచ్చు," అన్నాడు రైకర్. "కాని ఎందుకు?"

ఆమెకు అర్థం కాలేదు.

"చూడండి, ఈ వారం మీ తొట్టి లెక్క అద్భుతంగా ఉంది. మనుషులు లేకుండా ఇంత బట్ట! ఈ అంకె చూపిస్తే పది దేశాల్లో పది తొట్లకు పెట్టుబడి వస్తుంది. మీ గెడ్డ లాంటివి లోకంలో ఎన్నో ఉన్నాయి, అవన్నీ శుభ్రపడతాయి. వాళ్ళకు జీతం ఎక్కడికీ పోదు. ఉద్యోగుల కింద కాకుండా తొట్టి నిర్వహణ కింద ఇస్తాం. చక్కెర, కరెంటు, చేతులు. మీరు ఒక్క మీట నొక్కితే మారిపోతుంది."

"మరి ఆసుపత్రి కార్డు? ప్రావిడెంట్ ఫండ్?"

"అవి ఉద్యోగులకు కదా," అన్నాడాయన మెత్తగా.

నూకరత్నం తెర ఆపేసింది. గెడ్డ అడుగున ఇసక కళ్ళ ముందు కదిలింది. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు, అదే ఆమెను మరీ బాధించింది. మీట నొక్కితే చెల్లెలు చక్కెర బస్తా పక్కన చేరుతుంది. నొక్కకపోతే తన ఉద్యోగం ఉండదు, మరో మేనేజరు వచ్చి నొక్కుతాడు. ఇక ఆ చేతులతో ఏ ఫ్యాక్టరీలోనూ వాళ్ళు సూది పట్టలేరు. ఆమె మీట నొక్కలేదు, నొక్కనని చెప్పే ధైర్యమూ రాలేదు.

ఆ మధ్యాహ్నం ఉమాపతి మొదటిసారి ఒక నిండు తానును ముక్కలు చెయ్యకుండా తీయించాడు. గోడ పొడుగునా తీగకు ఆరేశారు. పడమటి కిటికీలోంచి ఎండ దాని మీద పడింది. అప్పటిదాకా తెల్లగా, సాదాగా కనిపించిన బట్టలో ఏవో గీతలు తేలాయి. సుడులు, వంపులు, ఒకదానిలో ఒకటి ఇమిడిన రింగులు. ఎవరో కూర్చుని వేలవేల చిన్న ముగ్గులు వేసినట్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకున్నాయి.

ఆడవాళ్ళు కబుర్లాపి దగ్గరికి వచ్చారు.

లోవకుమారి బట్ట దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. "అప్పా," అంది సన్నగా. "ఇది నా ఏలు." సుడికి అడ్డంగా ఒక గీటు ఉంది. సూది దూసుకుపోయిన మచ్చ.

నూకరత్నం గేటు దగ్గర్నుంచి వేలిముద్ర మిషను పీకించి తెప్పించింది. బట్టలో ఆ చోటును మెల్లగా మిషను మీద ఆనించింది. లోవకుమారి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడి ఉంది.

"లోవకుమారి," అంది మిషను. "హాజరు నమోదైంది."

నూకరత్నం బట్టను కొద్దిగా జరిపింది. "దేముడమ్మ. హాజరు నమోదైంది." ఇంకాస్త జరిపింది. "మంగతాయారు." "ఎల్లారమ్మ." బట్ట జరుగుతున్నకొద్దీ మిషను ఒక్కో పేరూ పలుకుతూ పోయింది. పిలిచినప్పుడల్లా ఒక ఆడమనిషి ఉలిక్కిపడి తన వేళ్ళు చూసుకుంది. భయమూ, భక్తీ రెండూ కలిసి నూకరత్నం ఒళ్ళు ఝల్లుమంది. పోయాయనుకున్నవి ఎక్కడికీ పోలేదు. ఆ జీవి నలభై మంది చేతుల గీతల్నీ ఒక్కటొక్కటే తీసుకుని, వాటి వెంటే దారం పరిచింది. ఆ గీతలే దానికి పడుగూ పేకా.

"బిడ్డ తల్లి పోలిక తెచ్చుకున్నట్టు తెచ్చుకుంది," అన్నాడు ఉమాపతి. అంత చదువుకున్న మనిషి నేల మీద చతికిలబడి బట్టకేసి అలా చూస్తూ ఉండిపోయాడు.

ఈ వార్త తెలిసిన రైకర్ విమానం దిగి నేరుగా ఫ్యాక్టరీకే వచ్చాడు. తొట్టి హాలు గుమ్మంలో ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. తొట్టిలో కొత్త తాను నిండుగా తేలుతోంది, చుట్టూ ఆడవాళ్ళు లాల పోస్తున్నారు. ఆయన వంగి ముట్టుకున్నాడు. బట్ట పైకి లేచి ఆయన అరచేతిని ఆనుకుంది. ఆయన చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టాడు.

తర్వాత నూకరత్నాన్ని పక్కకు పిలిచాడు. "హాజరు చిక్కు తీరిపోయింది. రోజూ పొద్దున్న ఒక ముక్క మిషను మీద ఆనించండి. కంప్యూటరుకు ఇష్టమే. బట్టే మన ఉద్యోగి. వీళ్ళు నిర్వహణ. ఇప్పుడైనా ఆ మీట నొక్కండి."

"బట్టకు హాజరు, మనుషులకు లేదాండీ?"

"కంప్యూటరు ఒప్పుకుంది కదా."

నూకరత్నం ఆయనకేసి చూసింది. ఇన్నాళ్ళూ కడుపులో కుక్కుకున్న మాటలన్నీ ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి. ఆమె తొట్టి దగ్గరికి వచ్చి, ఆఫీసు తెలుగు పక్కన పెట్టి, ఆయన అన్నది అన్నట్టు అందరికీ చెప్పింది. మీట సంగతీ, చక్కెరా కరెంటూ చేతులూ అన్న సంగతీ, ఏదీ దాచలేదు. "నానింకా మీట నొక్కనేదు. నొక్కను కూడాను. నా ఉద్యోగం ఉంటే ఉంటాది, పోతే పోద్ది. మీ ఇష్టం ఏటో మీరు సెప్పండి," అంది.

దేముడమ్మ తన చేతులు బట్ట కిందినుంచి లాగేసుకుంది.

"సేతులు పైకి తియ్యండే," అంది.

అందరూ తీశారు. తడి చేతులు ఏప్రన్లకు కూడా తుడుచుకోకుండా, మంట పుడుతున్నా ఓర్చుకుని వరసగా నిలబడ్డారు. బట్ట కొద్దిసేపు తేలింది. రోజూ సాయంత్రం వాళ్ళు ఇళ్ళకు వెళ్ళినా చెక్కుచెదరని బట్ట, ఈసారి ఆ చేతులు ఇక రావని తెలిసినట్టు, అంచుల నుంచి మసకబారడం మొదలైంది. సుడులు ఒకటొకటే చెరిగాయి. గట్టిగా ఉన్న చోట జిగురు వణికింది. ఉమాపతి "అయ్యో, అయ్యో" అంటూ తొట్టి చుట్టూ తిరిగాడు. రైకర్ ముఖం పాలిపోయింది. తొట్టి మీద పెట్టిన డబ్బు కోసం కాదు, ప్రాణమున్నదేదో కళ్ళ ముందు పోతుంటే చూసేవాడి ముఖం అది.

"ఏం కావాలో అడగండి వాళ్ళని," అన్నాడు.

"మమ్మల్ని పేరెట్టి పిలవమను," అంది దేముడమ్మ. "మిషను కాదు, ఆయన నోటితోటి పిలవాల. పలికినోళ్ళని ఆయన సేత్తోనే మళ్ళీ ఉద్యోగంలో ఎయ్యాల. ఇయ్యాలే కాదు, రోజూ ఇక్కడెవరో మనిసి మమ్మల్ని పిలవాల."

నూకరత్నం ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పగా విని రైకర్ తొట్టికేసి చూశాడు. జిగురు సగం దాకా వచ్చేసింది. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి తొట్టి అంచు మీద పెట్టుకున్నాడు. "చెప్పండి," అన్నాడు నూకరత్నంతో.

ఆమె ఆయన చెవిలో ఒక్కో పేరూ చెప్పింది. ఆయన గొంతెత్తి పిలిచాడు.

"దే... ముడమ్మా."

"ఉన్నాను బావూ." ఆమె చేతులు ముంచింది. ఆ చేతుల చుట్టూ జిగురు గట్టిపడి, సుడి తేలింది.

"మంగా తాయారూ." "ఉన్నానండి." "ఎల్... ఎల్లారమ్మా." ఆయన నాలుక తిరక్క తంటాలు పడుతుంటే ఆడవాళ్ళు మూతి బిగించి నవ్వారు. పిలిచిన ప్రతి పేరుకూ ఒక జత చేతులు మునిగాయి, ప్రతి జత చేతుల దగ్గరా బట్ట మళ్ళీ మొలిచింది. ఒక ముద్ర వెళ్ళి పక్క ముద్రతో కలిసింది. చచ్చిందనుకున్న తాను వాళ్ళ పేర్లతో పాటు తెల్లగా లేచి వస్తుంటే రైకర్ ఆగలేదు, తర్వాతి పేరు కోసం చెవి వంచాడు.

"లోవకుమారి," అని నూకరత్నం చెప్పింది. ఆయన పిలిచాడు.

"ఉన్నాను," అంది లోవకుమారి. చేతులు మాత్రం ముంచలేదు.

నూకరత్నం చెల్లెలికేసి చూసింది.

"గెడ్డ తేటగుండాల, నాకూ ఇష్టమేనప్పా," అంది లోవకుమారి. ఆమె కళ్ళ నీళ్ళు బుగ్గల మీదికి జారాయి. "గాని నా సేతులు నాకు కావాల. సంటిదాని గౌనుకి గుండీ కుట్టుకోవాల. నన్ను మళ్ళీ మిషను కాడ కూకోబెట్టు."

మిగతా పేర్లు పూర్తయ్యాయి. బట్ట తొట్టి నిండా పరుచుకుంది, ఒక్క చోట తప్ప. లోవకుమారి నిలబడేచోట అరచెయ్యంత ఖాళీ మిగిలింది. అటు పక్క మంగతాయారూ ఇటు పక్క ఎల్లారమ్మా చేతులు చాచి చూశారు, అది పూడలేదు. చుట్టూ అంచు తనంత తానే చక్కగా మడుచుకుని ముగిసింది. ఆ ఖాళీలోంచి తొట్టి అడుగు కనిపించింది.

రైకర్ వేలు ల్యాప్‌టాప్ మీద ఆగిపోయింది. "ఈమెకు ఏమని వెయ్యను? పని చెయ్యనంటోంది కదా?"

"తొట్టి పని చెయ్యనంది. కుట్టు పనికి పెట్టమంది," అంది నూకరత్నం. "మీరు పిలిస్తే పలికింది."

ఆయన ఆ ఖాళీని చూశాడు. వేలు కుట్టు లైను వరస మీదికి జరిపాడు. తర్వాత తలెత్తి, ఎవరూ చెవిలో చెప్పకుండానే, ఒక్కో అక్షరమూ జాగ్రత్తగా పలుకుతూ ఆమెను మళ్ళీ పిలిచాడు.

"ఉన్నానని సెప్పినాను కదండీ," అంది లోవకుమారి.